ఆ పదేళ్ళ పిల్లాడి డ్రమ్స్ గురించి, చిన్నాకి

చిన్నా,

నీ మెసేజ్ చూశా. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నా గానీ ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు, నువ్వు మీటింగ్ ఉందమ్మా అంటావ్ నేను సరేలే అంటాను అక్కడితో ఆగిపోతుంది, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, పెద్దదే అవుతుంది, ఆదివారం తీరిగ్గా చదువు.

జాజ్ సాక్సోఫోన్ వాద్యగాడు ఆర్నెట్ కోల్‌మన్ తన పదేళ్ళ కొడుకుని డ్రమ్స్ మీద పెట్టి చేసిన ఆల్బమ్ ‘ది ఎంప్టీ ఫాక్స్‌హోల్’ వినమని నేను పంపితే నువ్వు రెండో ముక్క సగంలో ఆపేసి, అమ్మా ఇది నెపో కిడ్ ఆల్బమ్, తండ్రి కోల్‌మన్ కాకపోతే ఈ పిల్లాడిని స్టూడియో గేటు దాకా రానిస్తారా, నాకు ఆ వయసులో దీనికంటే బాగా టెంపో నిలబడేది అని రాశావ్. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నీకు నిజంగానే బాగా నిలబడేది. ఆ పిల్లాడు తప్పటడుగులు వేస్తున్నాడన్న మాట కూడా నువ్వొక్కడివే అనలేదు, నీకంటే చాలా ముందు చాలా పెద్దవాళ్ళే అన్నారు. అయినా ఆ నెపో అన్న మాట దగ్గరే నాకు నీతో పేచీ. అక్కడి నుంచే మొదలుపెడతా.

ముందు సంగతేంటో చెప్పనీ. 1966 సెప్టెంబర్ 9, న్యూజెర్సీలో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ అనే ఊళ్ళో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. జాజ్ వినేవాళ్ళకి అది దాదాపు గుడి లాంటి చోటు, బ్లూ నోట్ కంపెనీ రికార్డులు ఎన్నో అక్కడ తయారైనవే, సాక్సోఫోన్‌లో అంత పెద్దవాడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘ఎ లవ్ సుప్రీమ్’ కూడా అక్కడిదే. ఆ రోజు ఆ గదిలో వాయించింది ముగ్గురే ముగ్గురు. ఆర్నెట్, 36 ఏళ్ళు, ఆల్టో సాక్సోఫోన్‌తో పాటు ట్రంపెట్, వయొలిన్ కూడా. చార్లీ హేడెన్, 29 ఏళ్ళు, డబుల్ బాస్. డ్రమ్స్ మీద ఆర్నెట్ కొడుకు డెనార్డో. 1956 ఏప్రిల్‌లో పుట్టాడు, అంటే పదేళ్ళు దాటి నాలుగున్నర నెలలు. ఆరు ముక్కలు, ఆరూ ఆర్నెట్ సొంతవే, అట్ట మీద బొమ్మ కూడా ఆయన వేసిందే.

ఇప్పుడు నీ నెపోటిజం సంగతి. మన సినిమాల్లో కొడుకుని లాంచ్ చేయడం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. పేరున్న డైరెక్టరు, హిట్లిచ్చే మ్యూజిక్ డైరెక్టరు, చుట్టూ అనుభవం ఉన్న నటులు, కుర్రాడి లోపం ఎక్కడా బయటపడకుండా అన్ని వైపుల నుంచీ దిండ్లు పెడతారు. ఆర్నెట్ ఏం చేశాడో చూడు. పియానో లేదు, గిటార్ లేదు, ఇంకో డ్రమ్మర్ లేడు, దాక్కోడానికి ఒక్క మూల లేదు. ముగ్గురిలో ఒకడు తడబడితే ఆ తడబాటు రికార్డులో మూడో వంతు. కొడుకుని అందరి చేతా శభాష్ అనిపించాలనుకున్న తండ్రి ఎవడూ ఇలా చెయ్యడు. పైగా ఆ తండ్రి పేరు చెప్తే అప్పట్లో తలుపులు తెరుచుకోవడం అటుంచి, సగం తలుపులు మొహం మీదే మూసేసేవాళ్ళు.

ఎందుకో చెప్తా. ఆర్నెట్ టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్ వాడు. ఏడేళ్ళప్పుడు నాన్న పోయాడు, వాళ్ళమ్మ రోజా కుట్టుపని చేసి పెంచింది. సాక్సోఫోన్ తనంతట తనే నేర్చుకున్నాడు, అదీ తప్పుగా. ఆల్టో మీద సి అని రాసిన స్వరం వాయిస్తే పియానో మీద ఇ ఫ్లాట్ అనే వేరే స్వరం పలుకుతుంది, ఆ లెక్క చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, పుస్తకం చూసి తనకి తోచినట్టు పట్టుకున్నాడు. ఆ తప్పు లెక్కలోంచే ఆయన వినికిడి వేరే దారి పట్టిందని చాలామంది అంటారు, నేనూ అదే నమ్ముతా. 1949లో లూసియానాలో ఒక డాన్స్ హాలు బయట అతన్ని కొట్టి, సాక్సోఫోన్ పగలగొట్టారు. లాస్ ఏంజిలెస్ వెళ్ళాక పెద్ద షాపులో లిఫ్ట్ నడిపే పని చేశాడు, ఖాళీ దొరికితే ఆ లిఫ్టులోనే సంగీతం పుస్తకాలు చదివేవాడు. కొత్త సాక్సోఫోన్‌కి డబ్బులు చాలక 1954లో తెల్లటి ప్లాస్టిక్‌ది ఒకటి కొన్నాడు. తర్వాత అదే ప్లాస్టిక్ వాయిద్యంతో 1959 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో నిలబడితే ఊరు ఊరంతా రెండు ముక్కలైపోయింది. రెండు వారాలకని పిలిస్తే రెండు నెలలు దాటింది. పేరున్న ఆర్కెస్ట్రా కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టీన్ లాంటివాడు వచ్చి మెచ్చుకున్నాడు, ట్రంపెట్‌లో అంత పెద్దవాడు రాయ్ ఎల్డ్రిడ్జ్ ఇదంతా బూటకం అన్నాడు, ఇంకో పెద్ద ట్రంపెట్ వాద్యగాడు మైల్స్ డేవిస్ అయితే ఆర్నెట్ మనసే సరిగా లేదన్నట్టు మాట్లాడాడు.

తర్వాతది నీకు ఒకసారి చెప్పినట్టే గుర్తు. 1960 డిసెంబర్ 21న ఎనిమిది మందిని రెండు జట్లుగా నిలబెట్టి, ఒక జట్టు ఎడమ స్పీకర్‌లో ఇంకో జట్టు కుడి స్పీకర్‌లో వినపడేట్టు, 37 నిమిషాలు ఆపకుండా వాయించిన రికార్డు ‘ఫ్రీ జాజ్’. అట్ట మీద జాక్సన్ పొలాక్ బొమ్మ. దానికి డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక 1962 జనవరిలో ఒకే సంచికలో ఇద్దరి చేత రివ్యూ రాయించింది. పీట్ వెల్డింగ్ ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చాడు, జాన్ టైనన్ ఒక్కటంటే ఒక్కటీ ఇవ్వలేదు, ఈ ఎనిమిది మంది తమని కన్న సంగీతాన్ని నాశనం చెయ్యడానికే ఒక స్టూడియోలో చేరారని రాశాడు. ఒకే రికార్డు, ఒకే పత్రిక. ఆ పేజీ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది, ఎందుకంటే అక్కడ ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. వెల్డింగ్‌కి వినపడింది వెల్డింగ్ రాశాడు, టైనన్‌కి వినపడంది టైనన్ రాశాడు.

అదీ ఆర్నెట్ పేరుకున్న బలం. 1962 చివర్లో సొంత డబ్బు పెట్టి న్యూయార్క్ టౌన్ హాల్‌లో కచేరీ చేసి, ఆ తర్వాత రెండేళ్ళ పాటు వేదిక మీద దాదాపు కనపడలేదు. ఆ కాలంలోనే ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ట్రంపెట్, వయొలిన్ పట్టాడు. 1965లో తిరిగొచ్చి అవి రెండూ జనం ముందు వాయించడం మొదలుపెడితే మళ్ళీ తిట్లు. జీవితమంతా ఆ వాయిద్యానికి ధారపోసినవాళ్ళని అవమానించడమే ఇది అని మైల్స్‌కి చాలా కోపం. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఈ తిట్లన్నీ తిని, మరుసటి ఏడాది రికార్డుకి కూర్చునేటప్పుడు డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టింది ఎవర్ని? పదేళ్ళ కొడుకుని. అప్పటిదాకా ఆయన ముగ్గురు సభ్యుల బృందంలో చార్ల్స్ మాఫెట్ అనే గట్టి డ్రమ్మర్ ఉన్నాడు, స్టాక్‌హోమ్‌లో ఆయనతో చేసిన రికార్డులు విను, ఎంత ఊపుంటుందో. అలాంటి మనిషిని కాదని.

అందుకే అన్నారు. షెల్లీ మాన్, కాలిఫోర్నియాలో పెద్ద పేరున్న డ్రమ్మర్, తనూ ఒకప్పుడు ఆర్నెట్‌తో రికార్డు చేసినవాడే, అస్సలు నచ్చలేదని మొహమాటం లేకుండా చెప్పాడు. ఫ్రెడ్డీ హబర్డ్‌కి కూడా చిన్నపిల్లాడి ఆటలాగే వినపడింది. ఆ హబర్డ్ ఎవరనుకున్నావ్, ఇందాక చెప్పిన ‘ఫ్రీ జాజ్’లో కుడి స్పీకర్ ట్రంపెట్ ఆయనదే. అంటే టైనన్ రాసిన ఆ తిట్టు తిన్న ఎనిమిది మందిలో ఒకడు. ఆరేళ్ళ కిందట కొత్తదనం వైపు నిలబడి వాయించినవాడికి కూడా ఈ రికార్డు గొంతు దిగలేదంటే ఇది ఎంత దూరం పోయిందో చూడు.

కాకి పిల్ల కాకికి ముద్దు అంటావేమో. నేనూ ఆ కోణంలోంచి ఆలోచించే విన్నా, ఎందుకంటే నేనూ తల్లినే, నువ్వు ఏడేళ్ళప్పుడు మృదంగం మీద తకధిమి అంటే నాకు అదే పెద్ద కచేరీ. కానీ ఆర్నెట్ చెప్పిన కారణం వేరే ఉంది. సంగీతం వ్యాపారం తనని నిలబెడుతుందా ముంచుతుందా, తోటివాళ్ళు ఏమంటారు, విమర్శకులు ఏం రాస్తారు అన్న ధ్యాసే లేని మనిషితో వాయించడం తనకి సంతోషమనిపించిందని ఆయన అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆరేడేళ్ళుగా ప్రతి రికార్డుకీ కోర్టు బోనెక్కినట్టు నిలబడ్డ మనిషి అలా అంటున్నాడంటే, ఆయనకి ఆ పిల్లాడి దగ్గర కావలసింది ఏదో ఉంది.

అది ఏంటి అన్నది నాకు ఒక్కసారిగా తెలీలేదు, మన పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొచ్చినప్పుడు కొంచెం కొంచెంగా తెలిసింది. మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసినప్పుడు తొమ్మిదేళ్ళు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమేంటని సందేహపడ్డవాళ్ళు ఉన్నారు, వాయిద్యం గురించి పేచీ పెట్టినవాళ్ళు ఉన్నారు, కానీ ఒకసారి విన్నాక ఆ వేళ్ళని ఎవడూ కాదనలేకపోయాడు, ఎందుకంటే రాగం, గమకం, లెక్క అన్నీ మనకి ముందే తెలిసిన కొలతల్లో ఉన్నాయి, ఆ కొలతల్లో ఈ పసివాడు పెద్దపెద్దవాళ్ళని దాటేశాడు. బాల మేధావి అంటే మనం అనుకునేది అదే, పెద్దవాడిలా వాయించే పిల్లాడు. డెనార్డో అలాంటివాడు కాదు. వాడు పిల్లాడిలానే వాయించాడు. వాళ్ళ నాన్నకి కావలసింది కూడా సరిగ్గా అదే. పెద్దవాడిలా వాయించే పిల్లాడికి లోకం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది, పిల్లాడిలా వాయించే పిల్లాడిని రికార్డు మీద పెడితే మాత్రం దాన్ని ఏ కొలతతో కొలవాలో ఎవరికీ తెలీదు, షెల్లీ మాన్‌కి తెలీదు, నీకూ తెలీదు, మొదటిసారి విన్నప్పుడు నాకూ తెలీదు.

ఇప్పుడు నువ్వు ఆపేసిన చోటికి రా, రెండో ముక్క, ఆల్బమ్ పేరే దాని పేరు. మూడు నిమిషాల చిల్లర ఉంటుంది అంతే, అదీ పూర్తిగా వినలేదు నువ్వు. ఫాక్స్‌హోల్ అంటే యుద్ధంలో సైనికుడు ప్రాణం కాపాడుకోడానికి తవ్వుకునే గుంట, అది ఖాళీగా ఉందంటే అందులో ఉండాల్సినవాడు ఏమయ్యాడో మనమే ఊహించుకోవాలి. 1966 అంటే వియత్నాంకి కుర్రాళ్ళని వేలకి వేలు పంపుతున్న ఏడాది. ట్రంపెట్ మీద ఆర్నెట్ శవయాత్రకి వాయించినట్టు నెమ్మదిగా ఒక వరస ఎత్తుకుంటాడు, కింద డెనార్డో స్నేర్ డ్రమ్ మీద సైనికుల కవాతు రోల్, అంటే రెండు కర్రలతో ఆపకుండా గబగబా కొట్టే దెబ్బలు. ఆ రోల్ నున్నగా రాదు. పెద్ద డ్రమ్మర్ చేతిలో అయితే రెండు కర్రల దెబ్బలూ కలిసిపోయి ఒకే ధారగా పోతుంది, నీకు తెలుసుగా, నువ్వు నెలల తరబడి ప్రాక్టీస్ ప్యాడ్ మీద చేసింది అదే. ఈ పిల్లాడి రోల్‌లో దెబ్బ దెబ్బా విడివిడిగా వినపడుతుంది, కొంచెం తోసుకుంటూ కొంచెం వెనకపడుతూ. పైన వాళ్ళ నాన్న ట్రంపెట్ కూడా నున్నగా రాదు, గట్టిగా పట్టుకోవాల్సిన స్వరం అంచుల్లో చీలుతుంది. నాకు అక్కడ ఒళ్ళు జలదరించింది. సైన్యం కవాతుని పదేళ్ళ పిల్లాడు వాయిస్తున్నాడు, ఇంకో ఎనిమిదేళ్ళకి తననే రమ్మనే వయసు వచ్చే పిల్లాడు. అదే జాగాలో ఎల్విన్ జోన్స్ లాంటి గొప్ప డ్రమ్మర్ కూర్చుని అద్భుతంగా రోల్ కొడితే అది మంచి రికార్డింగ్ అయ్యేది, ఇంత గుచ్చుకునేది కాదు.

అన్నీ ఇలా ఉన్నాయని అనను. ‘సౌండ్ గ్రావిటేషన్’లో ఆర్నెట్ వయొలిన్ పడతాడు, ఎడమచేతి వాటంగా, కమాను తీగల మీద గీసి పడేస్తూ. నేను ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నదాన్ని, కమాను బరువు ఎక్కడ పెట్టాలి, వేలు ఎక్కడ జారాలి అని మా మాస్టారు చేతి మీద కొట్టి మరీ నేర్పారు, నాకు ఆ ముక్క ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. వేగం ఉంది, ధ్వని ఉంది, ఆ వాయిద్యానికి ఉన్న పాట పాడే గుణం లేదు. ‘జిగ్‌జాగ్’లో కూడా ఆల్టో దూసుకుపోతుంటే డ్రమ్స్ ఎటు పోవాలో తెలీక కాసేపు ఊరికే గోల చేసినట్టు నాకు అనిపిస్తుంది. అక్కడ నువ్వు షెల్లీ మాన్ పక్షం అంటే నేనేమీ వాదించను.

కానీ ‘ఫెయిత్‌ఫుల్’ విన్నావా? వినలేదు, అది ఐదోది. నెమ్మదైన పాట, ఆల్టో మీద. ఆర్నెట్ శ్రుతి గురించి జనం ఎప్పుడూ గొడవే, పైకి పోతోంది కిందికి పోతోంది అని. ఆయనేమో పైకి పోయినా శ్రుతిలో ఉండొచ్చు, కిందికి జారినా శ్రుతిలో ఉండొచ్చు అనేవాడు. పియానో మెట్లకి అలవాటుపడ్డ చెవికి అది తలతిక్క మాట, తోడి రాగంలో గాంధారం ఊగుతుంటే విన్న మన చెవికి ఏమంత వింత కాదు, ఆ స్వరం ఒక్క చోట నిలబడితే తోడి ఎక్కడుంటుంది. ఆ పాటలో డెనార్డో దాదాపు తాళమే పట్టుకోడు. నాన్న ఒక మాట పూర్తి చేసి ఊపిరి తీసుకున్నప్పుడు ఏదో ఒకటి అంటాడు, నాన్న గొంతు పెంచితే ఒక్కోసారి పూర్తిగా మానేస్తాడు. ఆ మానేయడం గమనించు. నేర్చుకున్న డ్రమ్మర్‌కి ఆగిపోవడమంటే భయం, ఖాళీ వస్తే తప్పు చేశాననుకుంటాడు. మీ బ్యాండ్ వీడియో పంపావు కదా, అందులో నువ్వు ఎక్కడా ఒక్క సెకను కూడా ఖాళీ వదల్లేదు. బాగుంది, చెడ్డగా ఉందనట్లేదు, చెప్తున్నానంతే.

తాళం మరి ఎవరు పట్టుకున్నారు అంటావా, హేడెన్. ఈ రికార్డులో నాకు అందరికంటే ముచ్చటేసేది ఆయనే. ఒక పక్క వాళ్ళ నాన్న ఏ క్షణాన ఎటు తిరుగుతాడో తెలీదు, ఇంకో పక్క ఈ పిల్లాడు, మధ్యలో ఆ లావుపాటి తీగల మీద ఒక్కో స్వరం నేలలో గుంజ పాతినట్టు. హేడెన్ కథ తెలిస్తే ఇంకా బాగుంటుంది. ఆయన పుట్టింది అయోవాలో, వాళ్ళ ఇంటిల్లిపాదీ రేడియోలో పాటలు పాడే కుటుంబం, ఈయన రెండేళ్ళు నిండకముందే మైకు ముందు పాడాడు. పదిహేనేళ్ళప్పుడు పోలియో వచ్చి గొంతు దెబ్బతినేదాకా పాడుతూనే ఉన్నాడు, ఆ తర్వాతే బాస్ వైపు పూర్తిగా తిరిగాడు. అమ్మానాన్నలతో కలిసి పాడుకున్న బాల్యం ఉన్న మనిషి గనకనేమో, అందరూ తప్పుపడుతుంటే ఈయన డెనార్డోని వెనకేసుకొచ్చాడు, వీడు డ్రమ్మర్లందరినీ ఉలిక్కిపడేలా చేస్తాడు చూడండి అన్నాడు. రికార్డులో కూడా పిల్లాడిని సముదాయిస్తున్నట్టు వాయించడు, ఎదురుగా సాటి వాద్యగాడు ఉన్నట్టే వాయిస్తాడు. తర్వాత తర్వాత ఆయన సొంత పిల్లలు నలుగురూ సంగీతంలోకే వచ్చారు, 2008లో వాళ్ళందరితో కలిసి చిన్నప్పటి ఆ పల్లె పాటలు మళ్ళీ రికార్డు చేశాడు, అది కూడా నీకు పంపుతా.

ఇంకొకటి, ఇది చెప్పడానికే అసలు ఇంత రాస్తున్నాననుకో. ఈ ఆల్బమ్ గురించి ఎవరు రాసినా తండ్రీ కొడుకూ, తండ్రీ కొడుకూ అంటారు. ఆ పిల్లాడికి తల్లి లేదా? నాకు మొదట వచ్చిన ప్రశ్న అదే. ఉంది, ఆవిడ పేరు జేన్ కోర్టెజ్, మామూలు మనిషి కాదు, కవయిత్రి, నల్లజాతి కవిత్వంలో పెద్ద గొంతు. ఆర్నెట్‌ని 1954లో పెళ్ళి చేసుకుంది, 1964లో విడిపోయారు, పిల్లాడు ఎక్కువగా లాస్ ఏంజిలెస్‌లో ఆవిడ దగ్గరే పెరిగాడు. ఆవిడ అక్కడ వాట్స్ పేటలో నాటక బృందం నడిపేది. మాట బిగ్గరగా, లయతో, జనం మధ్యలో నిలబడి చదివే కవిత్వం ఆవిడది. అంటే ఆ పిల్లాడి చెవిలో పడ్డ లయ నాన్న సాక్సోఫోన్ ఒక్కటే కాదు, ఇంట్లో అమ్మ గొంతు కూడా. ‘ఫెయిత్‌ఫుల్’లో వాడు వాక్యం అయ్యేదాకా ఆగి మాట్లాడే పద్ధతి వింటే నాకు అమ్మ కవిత చదువుతుంటే పక్కన కూర్చున్న పిల్లాడే కనపడతాడు. ఇది నా ఊహే, ఏ విమర్శకుడూ రాయగా నేను చదవలేదు. కానీ తర్వాత జరిగింది చూడు, జేన్ కోర్టెజ్ తన కవిత్వానికి ఫైర్‌స్పిటర్స్ అని బ్యాండ్ పెట్టుకుంటే దాని డ్రమ్మర్ ఎవరనుకున్నావ్, డెనార్డోనే. 2012లో ఆవిడ పోయేదాకా అమ్మ కవితల వెనక వాయించాడు. అమ్మ మాటకీ నాన్న పాటకీ ఇద్దరికీ లయ పట్టిన కొడుకు లోకంలో ఇంకెవరైనా ఉన్నారా అని నాకు అనిపిస్తుంది.

నాన్న వైపు కూడా అది ఒక్క రోజు ముచ్చట అయి ఆగిపోలేదు. 1968 ఏప్రిల్, మే నెలల్లో ఆర్నెట్ బ్లూ నోట్‌కే రెండు ఆల్బమ్‌లకి సరిపడా రికార్డు చేశాడు, డ్రమ్స్ మీద ఎవరు, ఎల్విన్ జోన్స్, కోల్ట్రేన్ వెనక వాయించిన ఎల్విన్ జోన్స్. అంతకంటే గొప్ప డ్రమ్మర్ ఆ రోజుల్లో ఎవరూ లేరు. ఆ జూలైలో బర్క్‌లీ యూనివర్సిటీ ఆరుబయట థియేటర్‌లో కచేరీ చేస్తే డ్రమ్స్ మీద మళ్ళీ డెనార్డో, పన్నెండేళ్ళు. ఆ కచేరీ రికార్డు పేరే ‘ఆర్నెట్ ఎట్ 12’. ఎల్విన్ జోన్స్‌తో వాయించి వచ్చిన మనిషికి కొడుకు ఎక్కడున్నాడో తెలీదా? తెలిసే కూర్చోబెట్టాడు. తర్వాత 1979లో ‘ఆఫ్ హ్యూమన్ ఫీలింగ్స్’ రికార్డు చేసినప్పుడు డెనార్డో ఉన్నాడు, 1985లో గిటారిస్టు పాట్ మెథీనీతో ‘సాంగ్ ఎక్స్’ చేసినప్పుడు జాక్ డిజానెట్ అనే ఇంకో పెద్ద డ్రమ్మర్ పక్కన ఉన్నాడు, ఎనభైల నుంచి నాన్న వ్యవహారాలన్నీ కూడా తనే చూసుకున్నాడు. 2005 అక్టోబర్‌లో జర్మనీలో లుడ్విగ్స్‌హాఫెన్‌లో కచేరీ, ఆర్నెట్‌కి 75, డెనార్డోకి 49. ఆ కచేరీ రికార్డు ‘సౌండ్ గ్రామర్’ పేరుతో వచ్చింది, దానికే 2007లో ఆర్నెట్‌కి సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. దాన్ని విను, తర్వాత వెంటనే ఎంప్టీ ఫాక్స్‌హోల్ పెట్టుకో. చేతుల్లో బలం, వేగం, తయారీ అన్నీ మారిపోయాయి, నాన్న మాట అయ్యేదాకా చూసి ఆ తర్వాత తన మాట అనే అలవాటు మాత్రం మారలేదు. తిట్టినవాళ్ళకి 1966లో ఇది తెలిసే అవకాశం లేదు, వాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళ ముందు ఉన్నది ఒక్క రికార్డే. నీ ముందు నలభై ఏళ్ళు ఉంది కదరా.

అమ్మా నువ్వైతే నన్ను పదేళ్ళప్పుడు అలా పంపేదానివా అని అడుగుతావు, నాకు తెలుసు. వాయించడానికి పంపేదాన్ని. హేడెన్ లాంటి మనిషి పక్కన ఉంటే కళ్ళు మూసుకుని పంపేదాన్ని. రికార్డు బజారులోకి వెళ్ళడానికి ఒప్పుకునేదాన్నా అంటే, అక్కడ నేను గట్టిగా పోట్లాడేదాన్ని. పదేళ్ళవాడికి పత్రికల్లో మార్కులు వేయించుకోవాల్సిన పనేంటి? ఆర్నెట్‌ని నేను ఇంత వెనకేసుకొచ్చినా ఈ ఒక్క విషయంలో ఆయనతో నాకు రాజీ లేదు, ఆ తిట్లు ఆయనకి అలవాటు, పిల్లాడికి కాదు. జేన్ కోర్టెజ్ ఆ రోజు ఏమని ఉంటుందో అని చాలాసార్లు ఆలోచించా.

సరే, ఇప్పుడు పని చెప్తా. ఈసారి ముందు నుంచి పెట్టుకోకు, ‘ఫెయిత్‌ఫుల్’తో మొదలుపెట్టు, తర్వాత రెండోది మొత్తం, తర్వాత ‘గుడ్ ఓల్డ్ డేస్’, అది నీకు నచ్చుతుంది, గంతులేసే పాట. ఫోన్ స్పీకర్‌లో వినకు, హేడెన్ అసలు వినపడడు, నేను పుట్టినరోజుకి ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పెట్టుకో. డ్రమ్స్ ఎలా ఉన్నాయో పక్కన పెట్టి, ఆ డ్రమ్స్ వెనక ఉన్నప్పుడు ఆర్నెట్ ఎలా వాయిస్తున్నాడో విను, మాఫెట్ ఉన్న స్టాక్‌హోమ్ రికార్డుతో పోల్చి చూడు, ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో చూడు. విన్నాక కూడా నెపోటిజమే అంటే అలాగే రాయి, ఏ ముక్కలో ఎక్కడ అలా అనిపించిందో కూడా రాయి, నేను మళ్ళీ పెట్టుకుని వింటా.

జేన్ కోర్టెజ్ ‘దేర్ ఇట్ ఈజ్’ లింక్ కూడా పెడుతున్నా, 1982లో వచ్చింది, డెనార్డో వాయించాడు. ఆవిడ ఒక్కో పాదం పట్టుకుని ఎలా తిప్పి తిప్పి చెప్తుందో, కింద వాడు ఏం చేస్తున్నాడో విని చెప్పు, దాని మీద నీతో చాలాసేపు మాట్లాడాలని ఉంది.

అమ్మ